మూతపడిన స్టేషన్లో ఎర్రచీర

“ఎర్రగుడ్డ కనిపిస్తే డ్రైవరు మెడ ఏం చేస్తుంది, పెద్దాయనా?”

డ్రైవర్ల విశ్రాంతి గదిలో అప్పుడు వాళ్లిద్దరే ఉన్నారు. కిటికీ అవతల పొగమంచు ఇంకా విడలేదు. యార్డులో నిలబెట్టిన రైలు పెట్టెలు నీళ్లలో మునిగిన ఇళ్లలా మసకగా కనిపిస్తున్నాయి. ఎక్కడో ఒక ఇంజను నిద్రలో మూలిగినట్టు మూలిగి ఊరుకుంది.

ఈ లైను మీద డ్రైవర్లందరిలోకీ ఎక్కువ సర్వీసున్నవాడు గనక ఆయన అందరికీ పెద్దాయనే. బెంచీ మీద కూర్చుని బ్రేకు పిడిని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. బండి దిగేటప్పుడు ఆ పిడిని ఊడదీసి వెంట తెచ్చుకోవడం డ్రైవర్లకు అలవాటు. ఇల్లాలు తాళాలగుత్తి బొడ్లో దోపుకున్నట్టు, అది ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది.

“మెడా?” అన్నాడు తలెత్తకుండా. “దాని పని అది చేస్తుందమ్మా. అటు తిరుగుతుంది. చెయ్యి బ్రేకు మీద పడుతుంది. బుర్రకి కబురు అందేది ఆ తర్వాతే.”

“ఇంట్లో ఉన్నా అంతేనా?”

“ఇంట్లో ఉన్నా అంతే. మా మనవరాలు ఎర్రగౌను వేసుకుని వీధిలో పరిగెడితే నా కుడిచెయ్యి లేస్తుంది. మా ఆవిడ పడీ పడీ నవ్వుతుంది.”

“మరి ఇవాళ పొద్దున బండిలో మీ మెడ ఎందుకు తిరగలేదు?”

నూనెగుడ్డ ఆగిపోయింది.

ఆమె తొందరపెట్టలేదు. తొందర ఆమె వంట్లో లేదు. మాట నెమ్మది, నడక నెమ్మది, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా గోడకు ఆనుకుని కూర్చోవడంలో అంతకన్నా నెమ్మది. ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టిన నాటి నుంచీ పోలీసులూ దొంగలూ కూడా ఆమెను నెమ్మదమ్మ అనే పిలుస్తున్నారు.

కేసు చెప్పుకుంటే చిన్నదే. నాలుగు రోజుల కిందట పన్నెండున్నర బండి చివరి పెట్టెలో ఇద్దరు ప్రయాణికులు ఎక్కారు. ఒకాయన ఈ రైలు లైను చరిత్ర రాస్తున్న రిటైర్డు పంతులు. స్టేషన్ల వాళ్లంతా ఆయనను చరిత్ర మాస్టారు అంటారు. రెండోవాడు ఖాకీ చొక్కా వేసుకుని పనిముట్ల సంచి పట్టుకున్న మనిషి. మొదటి వంతెనకు ముందు టీసీ వాళ్లిద్దరి టికెట్లూ చూసి ముందు పెట్టెలోకి వెళ్లాడు. రెండో వంతెన దాటాక తిరిగొచ్చేసరికి చివరి పెట్టె ఖాళీ. తలుపు దగ్గర పగిలిన కళ్లజోడు, మెట్టు మీద నెత్తురు. రెండు వంతెనల మధ్య బండి ఆగదు. అక్కడున్న ఒకే ఒక్క స్టేషన్ మూతపడి చాలా ఏళ్లయింది.

ఖాకీ మనిషి ఉన్నాడన్నది టీసీ ఒక్కడి మాట. పోలీసులు దాన్ని నమ్మలేదు. అంతకు వారం ముందు టికెట్టు దగ్గర టీసీకీ మాస్టారికీ కాలర్లు పట్టుకునేదాకా వచ్చిందని ప్లాట్‌ఫామంతా సాక్ష్యం చెప్పింది. టీసీయే మాస్టారిని కొట్టి ఉప్పుటేటిలోకి తోసేశాడన్నారు. శవం దొరక్కపోయినా ఈ సాయంత్రం కోర్టులో హత్యానేరం మోపబోతున్నారు. టైపిస్టుగా పనిచేసే టీసీ కూతురు ఏడుస్తూ వచ్చి నెమ్మదమ్మ తలుపు తట్టింది.

“మీరు చూశారా?” అన్నాడు పెద్దాయన.

“చూశాను. ఇన్‌స్పెక్టరుగారు దుర్భిణీ పెట్టుకుని నీళ్లకేసి చూస్తున్నారు. నేను ఇంజన్లో మీ పక్కనే నిలబడి మీకేసి చూస్తున్నాను. మూతపడిన ప్లాట్‌ఫాం చివర ఒక ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో ఎర్రచీర. అంత మంచులోనూ రంగన్నది అదొక్కటే. ఆవిడ ఊపుతోంది. మీరు మేకు దిగ్గొట్టినట్టు ముందుకే చూస్తున్నారు. మీ చెవులు మాత్రం చీర రంగుకి తిరిగాయి.”

“మంచులో ఏవేవో కనిపిస్తాయమ్మా.”

“కంకర కూడానా?”

ఆయన తలెత్తాడు.

“బండి ఆగే ప్రతి స్టేషన్ ముందూ పట్టాల కింద కంకర తుప్పురంగులో ఉంది. బ్రేకులు అరిగి రాలిన ఇనుప పొడి. బండి పరుగెత్తే చోట కంకర బూడిదరంగు. పొద్దుట్నుంచీ కిందికి చూస్తూ అదే లెక్క పెట్టుకున్నాను. మూతపడిన ఆ ఇటుకబట్టీల స్టేషన్ ముందు ఏ రంగో మీరే చెప్పండి.”

“పాత మరకేమో.”

“ఇన్ని వానలు కురిశాక?”

పెద్దాయన పిడిని ఒళ్లో పెట్టుకుని, నిద్రపోయే పసిబిడ్డను జోకొట్టినట్టు దాని మీద చెయ్యి వేసి ఉంచాడు. మాట మొదలుపెట్టినప్పుడు ఆయన గొంతు ఆ గదిలోంచి కాక చాలా దూరం నుంచి వచ్చినట్టుంది.

“ఈ లైను మనుషుల కోసం వేసింది కాదమ్మా. ఇటుకల కోసం వేశారు. రెండు ఏటిపాయల మధ్య లంక, అంతా బంకమట్టి. అక్కడ బట్టీలు పెట్టారు. ఈ ఊళ్లో గోడలన్నీ ఈ పట్టాల మీదే నడిచొచ్చాయి. మా నాన్న ఇటుకల బండి తోలాడు. ఆయన వస్తుంటే మొహం కనిపించేది కాదు, ఎర్రదుమ్ములో పళ్లు కనిపించేవి. తర్వాత బట్టీలు ఆరిపోయాయి. మనుషుల బళ్లు వచ్చాయి. లంకలో ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు. టైంటేబుల్లోంచి స్టేషన్ తీసేశారు. స్టేషన్ మాస్టారు మాత్రం క్వార్టర్లోనే ఉండిపోయాడు. ఆయన పోయాక ఆవిడ ఉంది.”

“ఆ ముసలావిడ.”

“మాస్టారమ్మ అంటాం. లంకకి రోడ్డు లేదు. పిల్లల్లేరు. ఖాళీ చేయమని కాయితం వస్తే ఎక్కడికెళ్తుంది? అందుకని పన్నెండున్నర బండి అక్కడ ఒక్క ఊపిరి పీల్చుకునేంతసేపు నిలబడుతుంది. గార్డు పాలూ మందులూ పేపరూ దించుతాడు. ఆవిడ వంగి అందుకుంటుంది. అంతే. ఎవరు మొదలెట్టారో తెలీదు. నాకు ముందు డ్రైవరు నాకు చెప్పాడు, నేను నా తర్వాతవాళ్లకి చెప్పాను. ప్రయాణికులు సిగ్నల్ అనుకుంటారు. రూలు ప్రకారం అయితే లేని స్టేషన్లో బండి ఆపినవాడికి ఉద్యోగం పోతుంది.”

“టీసీకి కూడా తెలుసు.”

“తెలీకేం! ఆయనే చెప్పొద్దన్నాడు. అరెస్టయిన రోజు నా చెయ్యి పట్టుకుని, ‘చరిత్ర మాస్టారు అక్కడ దిగి ఉంటాడు అన్నా, రేపో మాపో వస్తాడు, నువ్వు నోరు జారకు’ అన్నాడు. రాలేదు. ఇన్‌స్పెక్టరేమో రోజూ బండెక్కి కూర్చుంటున్నాడు. ఆయన ముందు ఎలా ఆపను? నాలుగు రోజులుగా ఆపలేదు. ఆవిడ చీర ఊపుతుంటే పాల కోసం అనుకున్నాం. రెండు రోజులు పాలు లేకపోతే ఏం కాదులే అని...”

“పెద్దాయనా, ఆవిడ స్టేషన్ మాస్టారి భార్య కదా.”

“అవును.”

“జీవితమంతా స్టేషన్లో బతికిన మనిషి. ఎర్రగుడ్డ దేనికి ఊపుతారో ఆవిడకి తెలీదా? పాల కోసం ఊపుతుందా?”

పెద్దాయన మొహంలో రంగు పోయింది. నోరు తెరవబోయాడు. అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది.

*

రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టరు గదిలోకి వచ్చాడంటే గదిలో గాలి పక్కకి జరిగి దారివ్వాల్సిందే. మెడలో దుర్భిణీ, చేతిలో లాఠీ, మొహాన గెలిచినవాడి నవ్వు.

“నెమ్మదమ్మగారూ! ఇంకా ఇక్కడే ఉన్నారా? మీరు ఆలోచించడం పూర్తయ్యేలోపు ఈ కేసు పాతబడి మ్యూజియంలో పెట్టేస్తారు.”

“శవం దొరికిందాండీ?”

ఆ నవ్వు కొంచెం తగ్గింది. “దొరుకుతుంది. రెండు వంతెనల మీదా పగలూ రాత్రీ నా వాళ్లున్నారు. గెడలు పెట్టి ఏరంతా గాలిస్తున్నారు.”

“లంకలో చూశారా?”

“మొదటి రోజు సాయంత్రమే చూశారు. దీపం లేదు, మనిషి లేడు. గడ్డి ఉంది. కావాలంటే గడ్డిని అరెస్టు చేస్తాను.”

“పన్నెండున్నర బండిలో మీరూ నాతో రండి.”

“ఎందుకట?”

“మీ దుర్భిణీని నీళ్ల మీంచి కాస్త పక్కకి తిప్పడానికి.”

ఇన్‌స్పెక్టరు ఆమెను చూశాడు. తర్వాత పెద్దాయనను చూశాడు. మనిషి మొరటే గానీ మొద్దు కాదు. లాఠీ చివరతో బెంచీని తట్టాడు.

“అర్థమైంది. మధ్యలో బండి ఆగుతుందని చెప్పిస్తారన్నమాట. వినండి మేడమ్. బండి ఆగదని డ్రైవరు సంతకం పెట్టాడు. గార్డు పెట్టాడు. మీ టీసీయే పెట్టాడు. ఇప్పుడు ఆగుతుందంటే వాళ్లంతా అబద్ధమాడినట్టు. నడిపినవాడి ఉద్యోగం సాయంత్రానికి ఉండదు. పింఛనూ ఉండదు. ఏం పెద్దాయనా? బండి మధ్యలో ఆగుతుందా?”

గోడగడియారం కింద ఎవరో డ్రైవరు ఆరేసుకున్న తడి చొక్కాలోంచి ఒక చుక్క రాలింది. ఇంకొకటి రాలింది.

పెద్దాయన లేచి పిడిని చంకలో పెట్టుకున్నాడు.

“బండికి టైమైంది,” అని వాళ్లిద్దరి మధ్య నుంచీ బయటకు నడిచాడు.

*

చివరి పెట్టెలో చెక్కబల్లల మీద పల్చటి ఎండ పడి కదులుతోంది. మంచు విడిపోయింది గానీ పూర్తిగా పోలేదు. పట్టాల పక్కనే దూదిలా పేరుకుని, బండి వస్తే లేచి, వెళ్లాక మళ్లీ పడుకుంటోంది. ఉన్న కొద్దిమంది ప్రయాణికులూ ముందు పెట్టెల్లోనే ఎక్కారు. మనిషి మాయమైన పెట్టెలో కూర్చోవడానికి ఎవరికి ధైర్యం?

టీసీ కూతురు నెమ్మదమ్మ పక్కన ఒదిగి కూర్చుంది. ఇన్‌స్పెక్టరు అవతలి కిటికీ దగ్గర కాళ్లు బారజాపి కూర్చున్నాడు.

“నిన్న జైలుకెళ్లి అడిగానక్కా,” అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. “ ‘నాన్నా, నిజం చెప్పు, బండి మధ్యలో ఆగుతుందా’ అని. ఆగదన్నాడు. నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు.”

“గోక్కున్నారా?”

“చెవి ఊడొస్తుందేమో అనిపించింది.” నవ్వబోయి ఏడ్చేసింది. “ఎవరి కోసమక్కా? ఎవర్ని కాపాడ్డానికి ఉరికంబం ఎక్కుతానంటున్నాడు? నేనేమైపోవాలని?”

నెమ్మదమ్మ ఆ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఓదార్పు మాటలు ఆమెకు చప్పున రావు.

మొదటి వంతెన వచ్చింది. చక్రాల చప్పుడు మారింది. గట్టి నేల మీద మాట్లాడేది వంతెన మీద పాడుతున్నట్టయింది. కమ్ముల మధ్య నుంచీ ఏరు తెల్లగా మెరుస్తోంది. వరసగా నిలబడ్డ కానిస్టేబుళ్లు గెడలు పట్టుకుని నీళ్లలోకి వంగి ఉన్నారు. ఇంత పెద్ద బండి వెనక నుంచే పోతున్నా ఒక్కడూ తలెత్తలేదు.

“క్రమశిక్షణ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గర్వంగా. “నీళ్ల మీంచి చూపు తిప్పితే జీతం కోస్తానన్నాను.”

వంతెన అయిపోయింది. లంక మొదలైంది. కూలిన బట్టీల గొట్టాలు గడ్డిలోంచి తలలు పైకెత్తి చూస్తున్నాయి. బండి వేగం తగ్గలేదు. నెమ్మదమ్మ కిందికి చూసింది. బూడిదరంగు కంకర. బూడిదరంగు. బూడిదరంగు. ఇంకా వేగం తగ్గలేదు. ఆ పిల్ల వేళ్లు ఆమె చేతిని నొక్కేస్తున్నాయి.

కంకర తుప్పురంగుకి తిరిగింది.

బ్రేకులు కీచుమన్నాయి. బండి మొత్తం ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, ఎన్నో ఏళ్లుగా ఆగుతున్న చోటే కదలకుండా ఆగింది.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. గొంతులో మునుపటి ఊపు లేదు.

“వీళ్లందర్నీ కట్టకట్టి లోపలేస్తాను.”

“వేద్దురుగాని. ముందు దిగండి.”

గార్డు తన డబ్బా తలుపు తీసి, పాలక్యాను పట్టుకుని, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. నెమ్మదమ్మ అతణ్ణీ టీసీ కూతుర్నీ చూసి చెప్పింది. “నేను తిరిగొచ్చేదాకా బండి కదలకూడదు. అమ్మాయ్, నువ్వు పెట్టెలోనే ఉండు. కదిలేట్టుంటే కేకెయ్యి.”

“నా జెండా నా చంకలోనే ఉంటుంది మేడమ్,” అన్నాడు గార్డు.

*

చివరి పెట్టె ముందు తలుపు సరిగ్గా ప్లాట్‌ఫాం అయిపోయే చోట ఆగింది. అక్కడి నుంచి నడుమెత్తు గడ్డి. గార్డు డబ్బా దగ్గర నిలబడినవాళ్లకు ఇక్కడ దిగే మనిషి కనిపించడు. ప్లాట్‌ఫాం అంచు రాయి మీద నల్లటి మరక ఎండిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎంత తగువులమారైనా నేలను చదవడం తెలిసినవాడే.

“మెట్టు దిగుతుంటే వెనక నుంచి కొట్టారు. గడ్డిలో పడేశారు. బండి వెళ్లిపోయాక ఈడ్చారు. ఇవిగో మడమల గీతలు. ఏటి వైపుకి.”

“ఏటి దాకా ఉన్నాయా?”

ఆయన గడ్డిని పక్కకి తప్పిస్తూ ముందుకు నడిచి ఆగాడు. “లేవు. ఇక్కడ ఆగిపోయాయి. తర్వాత ఒక్క మనిషి బూట్ల గుర్తులే. లోతుగా దిగాయి.”

“ఎత్తుకున్నాడు. అదీ ఏటి వైపు కాదు, వెనక్కి. ఇంత దూరం ఈడ్చినవాడికి ఉన్నట్టుండి జాలి ఎందుకు పుట్టింది?”

ఆమె గీతలు ఆగిన చోట నిలబడి చుట్టూ చూసింది. అక్కడికి వచ్చేదాకా స్టేషన్ గోడ అడ్డం. ఒక్క అడుగు దాటితే ఎర్రపెంకుల క్వార్టరు, దాని కిటికీ, కిటికీలో ఒక పూలకుండీ ఎదురుగా కనిపిస్తున్నాయి.

“చూశారా? ఇక్కడికి రాగానే ఆ కిటికీలోంచి ఎవరో చూశారు. చంపబోయినవాడు ఆ క్షణం నుంచీ కాపాడినవాడైపోయాడు.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “అంటే ఖాకీ మనిషి నిజంగానే ఉన్నాడంటారు.”

“టీసీ మొదట్నుంచీ అదే చెబుతున్నాడుగా. మీరు వినలేదు.”

క్వార్టరు వాకిట్లో దండెం మీద ముతకచీర ఒకటి ఆరేసి ఉంది. గాలి లేదు. చీర కదలడం లేదు. కానీ తాడు ఊగుతోంది. చీర పక్కన ఖాళీగా ఉన్న చోట కింద దుమ్ములో తడిచుక్కలు వరసగా పడి ఉన్నాయి. నెమ్మదమ్మ వంగి వేలు పెట్టి చూసింది. ఇంకా ఇంకలేదు. ఎవరో ఇప్పుడే, ఆరకుండానే, ఒక బట్ట లాక్కుని వెళ్లారు.

ఆమె నడక జీవితంలో మొదటిసారి నెమ్మది తప్పింది.

లోపల మంచం పక్కన పీట వేసుకుని ముసలావిడ కూర్చుంది. వీళ్లను చూసి బెదరలేదు. విరుచుకుపడింది.

“ఇప్పుడా రావడం? ఊపి ఊపి చెయ్యి పడిపోయింది! ఒక్కడూ తల తిప్పడే! మా ఆయన ఉండుంటే ఒక్కొక్కడి జెండా లాక్కుని ఇంటికి పంపేవాడు. పెద్దాయన్ని కూడా! వాడికి మొదటి జ్వరం వస్తే కషాయం పోసింది ఎవరనుకున్నాడు?”

మంచం మీద చరిత్ర మాస్టారు. తలకు చీరపేలికల కట్టు, కుంకుడుగింజల్లా లోపలికి పోయిన కళ్లు. బతికి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో లాఠీ తలుపుకి తగిలి చప్పుడైంది.

“మాస్టారూ, వినిపిస్తోందా?” అంటూ నెమ్మదమ్మ మోకాళ్ల మీద కూలబడింది. “మీరు జారిపడ్డారా?”

“జారిపడ్డాడమ్మా,” అంది ముసలావిడే. “ఆ బాబు చెప్పాడుగా. ఆ బాబే లేకపోతే ఈయన దక్కేవాడా? ఎత్తుకొచ్చాడు, నీళ్లు తోడాడు. ‘బండి ఒక్కటి ఆగితే చాలు పిన్నిగారూ’ అని గుమ్మంలోనే కూర్చునేవాడు. పోలీసులొస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు జాగ్రత్త అన్నదీ ఆ బాబే. వాళ్లొచ్చిన రోజు దీపం ఆర్పి కూర్చున్నాం.”

మాస్టారు పెదాలు కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టింది.

“జారలేదు. వాడు ఉన్నంతసేపూ కళ్లు తెరవలేదు నేను. ఈవిడ పక్కన లేకపోతే... దిండు పట్టుకుని వచ్చాడు రెండుసార్లు. ఈవిడ వచ్చేసింది.”

“అయ్యో, దిండు సర్దుతున్నాడనుకున్నానే!” ముసలావిడ పీట మీంచి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది.

“ఎవరు మాస్టారూ వాడు?”

“వంతెనల సూపర్‌వైజరు. రెండో వంతెన... మూడో స్తంభం. వరదొచ్చిన ఏడు రాయి అందక, ఈ బట్టీల ఇటుకల మీదే కట్టారు దాన్ని. చరిత్ర కదా, సరదాగా చెప్పాను బండిలో. దాని చుట్టూ కాంక్రీటు పోయించానని వీడు రిపోర్టిచ్చాడట. నీళ్లు తగ్గినప్పుడు నేను చూశాను. కాంక్రీటు లేదు, ఏమీ లేదు. ఆ మాట కూడా అన్నాను. ‘ఇక్కడ దిగండి మాస్టారూ, మీకు దగ్గర్నుంచి చూపిస్తా’ అన్నాడు. బండి ఇక్కడ ఆగుతుందని వాడికి తెలుసు. రెండేళ్లుగా ఈ లైను మీదే పని.”

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. “నాలుగు రోజులు ఇక్కడే ఉన్నాడా? పారిపోకుండా?”

“ఎటు పోతాడు?” అంది నెమ్మదమ్మ. “రెండు వంతెనల మీదా మీ వాళ్లు. ఆగే బండిని మీ భయంతో ఆపడం మానేశారు. మీరంతా కలిసి వాణ్ణి తెలీకుండానే జైల్లో పెట్టారు.” ఆమె ముసలావిడ వైపు తిరిగింది. “ఇప్పుడెక్కడ ఉన్నాడు మాస్టారమ్మా?”

“బండి ఆగిన చప్పుడు వినగానే పోయాడుగా. తడిచొక్కాయే తొడుక్కుని, ‘గార్డుకి చెప్పొస్తా’ నంటూ పెరటి దారిన...”

బయట గంట మోగింది. ఒకటి. రెండు.

గార్డు డ్రైవరుకిచ్చే రెండు గంటలకు ఈ లైను మీద ఒకటే అర్థం.

నెమ్మదమ్మ వాకిలి దాటి, గడ్డి దాటి, ప్లాట్‌ఫాం ఎక్కేసరికి బండి కదిలిపోతోంది. గార్డు పచ్చజెండా ఊపుతూ, ఇన్నాళ్ల పాపం కడుక్కున్నవాడిలా వెలిగిపోయే మొహంతో ఆమెకేసి అరిచాడు.

“డాక్టర్ని తీసుకొచ్చేస్తాం మేడమ్! వెంటనే బయల్దేరమన్నారని మీ మనిషి చెప్పాడు!”

ఇన్‌స్పెక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. గార్డు అది విని ఇంకా ఉత్సాహంగా జెండా ఊపాడు.

చివరి పెట్టె వాళ్ల ముందు నుంచే మెల్లగా, కలలో జరుగుతున్నట్టు జరిగిపోయింది. మూడో కిటికీలో టీసీ కూతురు. ఆ పిల్ల కళ్లు చెమ్మగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది. మాస్టారు బతికే ఉన్నాడని ఎవరో చెప్పినట్టున్నారు. రెండు చేతులూ జోడించి నెమ్మదమ్మకు దండం పెట్టింది. ఎదురు బల్ల మీద కూర్చున్న మనిషి ఖాకీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. అతను మర్యాదగా లేచి, ఆ పిల్లకు ఎండ తగలకుండా అన్నట్టు, చెక్క షట్టరును కిందికి దించాడు.

“ఫర్వాలేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతూ. “ఫర్వాలేదు. రెండో వంతెన మీద నా వాళ్లు పదిమంది ఉన్నారు.”

“ఉన్నారు,” అంది నెమ్మదమ్మ. “నీళ్లలోకి చూస్తూ.”

ఆయన మొహం పాలిపోయింది. అంతలో ముందున్న మలుపులో బండి చివరి పెట్టె మంచులోకి మునిగింది. కాసేపటికి చక్రాల చప్పుడు మారింది. వంతెన పాడటం మొదలుపెట్టింది.